శిబిరం కూడు

"ఇది నా మాట కాదొదినా, మంగాయమ్మ మాట. నానైతే నమ్మలేదు," అంటూనే ధనలక్ష్మి గేటు తోసుకుని లోపలికొచ్చి, పూర్తిగా నమ్మిన మనిషిలా మెట్టు మీద కూలబడింది.

గౌరీశ్వరి చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరుతోంది. తలెత్తలేదు.

"ఏటన్నాదేటి మంగాయమ్మ?"

"సేపలబుట్ట కాడ అన్నాదంట. అప్పుడు నాను లేను, మా తోడికోడలుంది. 'నీలకంఠం గారింటిలో పొయ్యి ఎలగట్లేదు. కడుపుతో ఉన్న కోడలికి గంజి పోత్తన్నారు. పెద్దాయన ఆ వహాబ్ బాయితో తిరిగి తిరిగి రోజాలు పట్టేడు, ఇంటిల్లిపాదితోటీ పట్టించేత్తన్నాడు' అన్నాదంట."

"రోజా అయితే పొద్దుగూకేక కడుపు నిండా తింటారు. మాకు ఆ భాగ్గెం కూడా లేదని సెప్పు ఆవిడికి."

ధనలక్ష్మి నవ్వబోయి ఆగింది. గొంతు తగ్గించింది. వినేవాళ్ళు ఎవరూ లేరు గానీ, చెప్పబోయే మాటకు ఆ మాత్రం మర్యాద చెయ్యాలనిపించింది కాబోలు.

"మీ కోడలు పిల్ల పెరటి గోడ పట్టుకుని నిలబడిపోయి ఉంటే మంగాయమ్మ మేడ మీంచి సూసిందంట. మొకం నీరుల్లి పొరలాగ ఉన్నాదంట. ఆవిడ సెల్లెల్ని సోడవరం దరి ఇచ్చేరు కదా, అదే మీ కోడలి ఊరు. పోన్లో సెప్పేసిందంట. మీ వియ్యపురాలు ఆ మాట విని రేత్రి అన్నం ముట్టలేదంట."

చేటలో తిరుగుతున్న వేలు ఆగిపోయింది.

"మరి నాను ఎల్తాను," అంది ధనలక్ష్మి, లేవకుండా. కాసేపు ఎదురుచూసింది. ఈ ఇంటికొస్తే టీ తాగకుండా వెళ్ళడం ఇన్నేళ్ళలో ఎరగదు.

"టీ లేదు ధనలక్ష్మీ," అంది గౌరీశ్వరి. "పొడి ఉంది, పాలున్నాయి. టీ లేదు."

ఆ మాట ధనలక్ష్మికి అర్థం కాలేదు. అయినా మోసుకెళ్ళడానికి అర్థం కానక్కర్లేదు కదా. చెంగు దులుపుకుని, ఈసారి నిజంగానే లేచింది.

*

నీలకంఠం పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. జీవితమంతా బరువులెత్తినవాడు. సముద్రం అవతలి దేశంలో ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పారిపోయి వచ్చినవాళ్ళ శిబిరానికి సరుకులు పంపుతుంటే, ఊళ్ళోని సేవాసంఘం తరఫున షెడ్డులో మూటలు కట్టించడానికి వెళ్ళాడు. మూటకో చీటీ లేదు, పేరు లేదు. "ఇదెంతమందికి?" అని అడిగితే, "ఒక మనిషికి, నెలంతటికీ" అన్నారు. ఎడమ చేత్తో ఎత్తి చూశాడు, అవలీలగా లేచింది. దించకుండా అలాగే నిలబడిపోయాడు.

ఆ సాయంత్రం సంఘం మీటింగులో, సమోసాల పళ్ళెం తన ముందుకొచ్చిన సమయానికే లేచి, "ఈ నెల మా ఇంటిల్లిపాదీ ఆ మూటలో ఉన్నదే తింటాం" అని చెప్పేశాడు. చప్పట్లు కొట్టారు. ఇంకా చాలా చేతులు లేచాయి. లేచిన చేతులు ఇళ్ళకు చేరేసరికి దిగిపోయాయి. మిగిలింది ఇద్దరే. ఒకరు నీలకంఠం. రెండోవాడు వన్‌టౌన్‌లో పరుపుల కొట్టున్న అబ్దుల్ వహాబ్. ఆ మూటలకు గుడ్డసంచులు కుట్టించి ఇచ్చింది ఆయనే.

మూటలో బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, కాస్త పంచదార. అంతే. చింతపండు లేదు, మిరపకాయ లేదు, ఉల్లిపాయ లేదు, పాలు లేవు, టీ లేదు.

మొదటి రోజు అందరికీ కాస్త పండగలా ఉంది. గోపి ఫోటో కూడా తీశాడు. తరవాత తరవాత ఇంట్లో మాటలు తగ్గాయి. చప్పిడి తిండి తినే నోటికి మాట్లాడబుద్ధి కూడా పుట్టదని గౌరీశ్వరికి ఈ మధ్యే తెలిసింది.

"ఎందుకొచ్చింది ఆ తల్లి?" అన్నాడు నీలకంఠం, తుండుతో తల రుద్దుకుంటూ వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటూ.

"మనం కోడల్ని పస్తులుంచుతన్నామంట. వియ్యపురాలి సెవిన పడ్డాది."

"అబద్దం! ఆ పిల్లని నాను దీన్లో కలపనే లేదు కదా. కడుపుతో ఉన్న మనిషికి ఈ నియమం లేదు, దానికి ఏరే వండు అని మొదటి రోజే సెప్పేను."

"సెప్పేవు. నువ్వు సెప్పేవు, నాను వండుతన్నాను. దానికో కూర, ఓ గుడ్డు. మనకో గంజి. రెండు పొయ్యిల మీదా నా మొకమే ఉడుకుతన్నాది."

"అయితే మానేద్దామంటావా?"

"నాననలేదు."

"మరేటంటావ్?"

"ఏటీ అనను. రాళ్ళేరుతన్నాను."

వీధిలో గాజువాక వైపు పోయే ఆటో ఒకటి హారన్ కొడుతూ వెళ్ళిపోయింది.

"ఆ శిబిరంలో ఆడోళ్ళు మిరపకాయ లేకుండానే వండుతన్నారనుకుంటన్నావా నువ్వు?" అంది గౌరీశ్వరి ఉన్నట్టుండి.

"మూటలో లేదు కదే."

"మూటలో లేకపోతే? గుప్పెడు బియ్యం పక్కకి తీసి, ఎవులికో ఇచ్చి, నాలుగు మిరపకాయలు తెచ్చుకుంటారు. పిల్లలకి సప్పిడి కూడు ఎన్నాళ్ళెడతారు? నువ్వు మూట సూసేవు గానీ పొయ్యి సూల్లేదు."

నీలకంఠానికి అది నిజమే అనిపించింది. ఒప్పుకోవడానికి టీ తాగని తలనొప్పి అడ్డొచ్చింది. "అన్నీ నీకే తెల్సు," అని పేపరు అందుకున్నాడు.

అప్పుడే గోపి వచ్చాడు. ఆటోనగర్‌లో వెల్డింగు పని అతనిది. ఆదివారం కాబట్టి బండికి ఆయిల్ మార్పించుకొస్తానని పొద్దున్నే వెళ్ళాడు.

"గంజి తాగుతావేట్రా?"

"ఆకల్లేదమ్మా," అన్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

గౌరీశ్వరి ముక్కుపుటాలు కదిలాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, శనగపిండి. బజ్జీలు. వేడివేడివి.

"నీ బండికి ఆయిల్ బాగానే మార్చేరు. మూతికి అంటుకున్నాది, తుడుసుకో."

గోపి గబుక్కున తుడుచుకున్నాడు. నీలకంఠం పేపరు ఇంకాస్త పైకెత్తాడు. కొడుకు బయట తింటున్నాడని ఆయనకు ఏనాడో తెలుసు. తెలిసినట్టు కనపడితే ఏదో ఒకటి అనాలి.

నడింట్లో కోడలు కుసుమకుమారి చీరకు ఫాల్ కుడుతోంది. ఆరో నెల. వీళ్ళ మాటలన్నీ విన్నదని సూది వేగాన్ని బట్టి తెలుస్తూనే ఉంది.

"ఒలే కుసుమా, పొద్దున గుడ్డు తిన్నావా?" కేకేసింది గౌరీశ్వరి.

"తిన్నానత్తా."

"కూరా?"

సూది ఆగింది. "అదీ తిన్నాను."

*

నీలకంఠం గుమ్మం బయటకొచ్చి వహాబ్‌కి ఫోన్ చేశాడు. ఈ ప్రపంచంలో ఇప్పుడు తన బాధ తెలిసిన మనిషి ఆయనొక్కడే అనిపించింది.

"ఏటి బావా, బతికున్నావా?" అంది అవతలి గొంతు.

"ఉన్నాను బావా. నీరసం. నీకెలాగున్నాది?"

"నిన్న కొట్లో దూది మూట ఎత్తబోతే కళ్ళు తిరిగినాయి. మా కుర్రోడు అల్తాఫ్ నన్ను పరుపు మీద పడేసి ఇసనకర్రతో ఇసిరేడు. అమ్మడానికెట్టిన పరుపు బావా! బేరానికొచ్చిన మనిషి నన్ను సూసి, 'ఇది వాడేసిన సరుకు' అని ఎల్లిపోనాడు."

నీలకంఠం చాలా రోజుల తరవాత నవ్వాడు. "ఇంటిలో ఏటంటన్నారు మరి?"

"ఇంటిలో ఆల్లకేటి? సుబ్బరంగా తింటన్నారు. నిన్న బిర్యానీ. నా గంజిగ్లాసు తీసుకుని నాను మేడ మీదికి పోతన్నాను. మా ఇంటిది జన్నత్ బీ రోజూ తిడతాది."

"అదేటి? నువ్వొక్కడివేనా చేత్తన్నావు?"

"మరి? చెయ్యెత్తింది నాను కదా, జన్నత్ కాదు కదా. ఆల్లకెలా సెప్తాను?" అన్నాడు వహాబ్. "మీ ఇంటిలో అందరూ ఒప్పుకున్నారు. నువ్వు అదురుష్టవంతుడివి బావా."

ఆ మాటలో వెక్కిరింత లేదు. లేదు కాబట్టే నీలకంఠానికి అది సూటిగా తగిలింది. ఏం చెప్పాలో వెతుక్కుంటుండగా గేటు ముందు తెల్లకారొకటి వచ్చి ఆగింది.

అందులోంచి కోడలి అన్న సాయిశంకర్ దిగాడు. ముందు కాలు, తరవాత అరటిగెల, ఆ తరవాత మొహం.

*

సాయిశంకర్ చెరుకు రైతు. మాట తక్కువ, గొంతు ఎక్కువ. వచ్చిన మనిషి కూర్చోలేదు. కారులోంచి ఒక్కొక్కటే తెచ్చి వరండాలో దించాడు. అరటిగెల. బెల్లం దిమ్మ. ఊకలో పెట్టిన నాటుగుడ్ల డబ్బా. నేతిసీసా. ఆఖర్న, చిన్న కాగితం పొట్లం.

"అదేటి బాబూ?" అంది గౌరీశ్వరి.

"సింతపండత్తా. మీ ఇంటిలో లేదంట కదా. అమ్మ కట్టింది."

గౌరీశ్వరి ఆ పొట్లాన్ని ముట్టుకోలేదు. గుడ్లు పంపితే కూతురి మీద ప్రేమ. బెల్లం పంపితే మర్యాద. చింతపండు పంపడం అంటే ఇంటిల్లాలి మొహాన వేసి కొట్టడమే.

"మా అటక మీద జాడీడున్నాది సింతపండు," అంది నెమ్మదిగా. "మీ అమ్మకి సెప్పు."

"ఉంటే మరి ఎందుకు వండరు?"

నీలకంఠం ముందుకొచ్చాడు. "కూకో బాబూ. నాను సెప్తాను. సముద్రం అవతల ఒక శిబిరమున్నాది. ఆ మనుషులకి..."

"నాకు తెలీదు మావయ్యా. నాను వచ్చింది అక్కడి మనుషుల కోసం కాదు. ఇక్కడ నా సెల్లి ఉన్నాది. బట్టలు సర్దుకోమనండి. తీసుకెల్లిపోతాను."

నడింట్లోంచి కుసుమ వచ్చి గడపలో నిలబడింది. అన్నను చూసి నవ్వింది. ఆ నవ్వు మొహంలో ఎక్కడా ఆనలేదు.

"ఇప్పుడా?" గౌరీశ్వరి గొంతు లేచింది. "ఆరో నెల్లోనా? సరి నెల్లో కడుపుతో ఉన్న పిల్లని గడప దాటిత్తారేటి ఎవులైనా? ఏడో నెల్లో మీరొచ్చి, సీర ఎట్టి, నలుగురి ముందూ తీసుకెల్లాలి. ఇలా కారెట్టుకుని ఎత్తుకుపోతే రేపు మా పరువేటి, దాని పరువేటి?"

"ఆకలికి సరీ బేసీ ఉంటాదేటత్తా?"

"ఆకలని ఎవులు సెప్పేరు? అది సెప్పిందా?"

సాయిశంకర్ చెల్లెలి వంక చూశాడు. "నువ్వు సెప్పవే."

కుసుమ అన్నవంక చూడలేదు, అత్తవంక చూడలేదు. గోపి వంక చూసింది. గోపి అరటిగెలలో కాయలు లెక్కపెడుతున్నాడు.

"ఎండలో వచ్చేవన్నయ్యా," అంది. "ముందు కాళ్ళు కడుక్కో."

*

అల్లుడి హోదా కన్నా కోడలి అన్న హోదా ఒక మెట్టు ఎక్కువే ఆ పక్క కుటుంబాల్లో. కోపంతో వచ్చినా, తినకుండా పంపకూడదు. గౌరీశ్వరి గోపిని తరిమింది. వాడు గెంతినట్టే వెళ్ళి వంజరం చేప తెచ్చాడు. ఆమె అటకెక్కి జాడీ దించింది. వియ్యపురాలి పొట్లం వరండాలోనే ఉండిపోయింది.

చింతపండు పిసికి, ఉల్లిపాయ వేయించి, కారం వేసి, పులుసు మరగబెట్టింది. ఇన్నాళ్ళకు ఆ ఇంట్లో తాలింపు చిటపటమంది. ఆ వాసన వంటింట్లోంచి నడింట్లోకి, అక్కడినుంచి వరండాలోకి, గోడ దాటి మంగాయమ్మ మేడ దాకా వెళ్ళింది. నీలకంఠం కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టాడు. గోపి రెండుసార్లు మంచినీళ్ళు తాగాడు. వండుతున్న గౌరీశ్వరికే నోట్లో నీళ్ళూరి, తన మీద తనకే సిగ్గేసింది.

నేల మీద చాపలు పరిచి మూడు కంచాలు పెట్టింది. సాయిశంకర్ కంచంలో అన్నం, పులుసు, పెద్ద చేపముక్క. నీలకంఠానికీ గోపికీ చప్పిడి పప్పన్నం.

సాయిశంకర్ మూడు కంచాలనూ చూశాడు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"కలుపుకో బాబూ," అన్నాడు నీలకంఠం.

"మీ కంచంలో అదేటి మావయ్యా?"

"నా నియమం నాది. నువ్వు తిను."

"మీరు ఈ పులుసు కలపందే నాను సెయ్యి ముంచను."

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకున్న గౌరీశ్వరి అడుగు గడప మీదే ఆగింది. వాళ్ళలో వియ్యాలవారు ఒక బంతిన కూర్చుంటే ఒకే కూర తినాలి. ఇంటి పెద్ద వేరేది తింటే, మీతో పొత్తు లేదని చెప్పినట్టు. అలా లేచిపోయిన బంతులు రెండు మూడు తరాల దాకా మళ్ళీ కలవలేదని అందరికీ తెలుసు. ఈ మెలిక ఆమెకు పులుసు మరుగుతున్నప్పుడే గుర్తొచ్చింది. ఎవరితో చెప్పాలో తెలియలేదు.

"బాబూ, నాను పది మందిలో మాటిచ్చేను," అన్నాడు నీలకంఠం.

"మా సెల్లిని ఇచ్చినప్పుడు మీరు మాకూ మాటిచ్చేరు. అక్కడా పది మందే ఉన్నారు."

పులుసు మీద నూనె తెట్టు చల్లబడుతోంది. గోపి వేళ్ళు తెలియకుండానే చేపగిన్నె వైపు సాగి, మళ్ళీ వెనక్కి వచ్చాయి.

"సరే," అన్నాడు సాయిశంకర్. "అయితే ఈ కంచం తీసెయ్యండి. నా సెల్లి ఏటి తింటన్నాదో అదే నాకూ ఎట్టండి."

"నీ సెల్లికి నాను ఏటి ఎడతన్నానో తెల్సా నీకు?" గౌరీశ్వరి గరిటెతో సహా బయటకొచ్చేసింది. "మేవు గంజి తాగుతన్నాం, నిజిమే. దానికి రోజూ గుడ్డు, రోజూ కూర, రెండు పూటలా పాలు. నా సేత్తో వండి ఎడతన్నాను. అడుగు! అదక్కడే ఉన్నాది కదా, అడుగు! మీ అమ్మ సింతపండు కట్టి పంపేముందు ఓ పాలి పోన్ చేసి అడగొచ్చు కదా!"

"నిజిమేనేటే?"

కుసుమ గోడకు ఆనుకుంది.

"ఎడతన్నాది," అంది. "అత్త రోజూ ఎడతన్నాది."

"మరి అలాగున్నావేటి?"

కుసుమ చూపు పెరటి వైపు పోయింది.

"సెప్పవే తల్లీ," అంది గౌరీశ్వరి. గొంతులో కోపం ఇంకా ఉంది గానీ, దాని కింద వేరే ఏదో కదులుతోంది. "తిన్నానత్తా, తిన్నానత్తా అంటన్నావు కదా."

"తిన్లేదత్తా."

"ఏటి?"

"మొదట్లో తిన్నాను. తరవాత... దిగలేదు. గుడ్లు పెరటి గోడ మీద పిల్లికి వేసేసేను. కూర అవతల పారబోసేను. మంగాయమ్మ సూసింది అందుకే. గోడ కాడ నిలబడ్డది అందుకే."

ఆమె ఏడవలేదు. ఒప్పజెప్పినట్టు చెప్పింది.

"మీరందరూ సప్పిడి కూడు ముందెట్టుకుని కూకుంటారు. నా కంచంలో గుడ్డుంటాది. ఒక్కదాన్నే ఎలా నమల్ను? ఇల్లంతా నిశ్శబ్దం. నా నోటి సప్పుడు నాకే వినపడతాది. అందరూ నా కంచం వైపే సూత్తన్నట్టుంటాది."

"ఎవులు సూసేర్రా?" గౌరీశ్వరి చుట్టూ చూసింది. "ఎవులు సూసేరు దాని కంచం? నాను సూల్లేదు. నువ్వు సూసేవా?"

నీలకంఠం తల అడ్డంగా ఊపాడు.

"నాను సూసేను," అన్నాడు గోపి.

అందరూ వాడి వైపు తిరిగారు.

"రోజూ సూసేవాడినేనమ్మా. ఆకలేసేది. బయట తినేసి వచ్చినా గానీ ఇంటిలో ఆ గుడ్డు సూత్తే..." వాడు చప్పిడి అన్నాన్ని వేళ్ళతో అటూ ఇటూ నెట్టాడు. "మొన్న చెకప్‌కి ఎల్లేం కదా. బరువు పెరగలేదన్నాది డాక్టరమ్మ. పోయిన నెల ఎంతున్నాదో ఇప్పుడూ అంతే అన్నాది. బిడ్డ సిన్నగా ఉన్నాదన్నాది."

"నాకు సెప్పలేదేట్రా?" అంది గౌరీశ్వరి.

"నాన్న నియమం అయ్యేదాకా ఆగుదామనుకున్నాను."

సాయిశంకర్ లేచి నిలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది అందరికీ. "కుసుమా, బట్టలు సర్దు," అన్నాడంతే.

నీలకంఠం కంచాన్ని ముందుకు నెట్టాడు. "కూకో బాబూ. అయిపోనాది. ఈ పూటతో ఆపేత్తాను. రేపు సంఘంలో సెప్పేత్తాను, నా వల్ల కాలేదని. ఇదిగో, పులుసు కలుపుతాను. గౌరీ, పొయ్యి పులుసు!"

గౌరీశ్వరి కదల్లేదు.

"వద్దు మావయ్యా," అంది కుసుమ. "నా వల్ల ఆగిపోనాదని ఊరంతా అంటాది. కోడలు కడుపుతో ఉండి మావ నియమం సెడగొట్టిందంటారు. ఆ మాట నాకొద్దు."

"మరి నన్నేటి సెయ్యమంటావమ్మా?"

"నాకేటి తెల్సు?"

నీలకంఠం ఖాళీ చెయ్యి అలాగే పులుసుగిన్నె మీదకు చాచి ఉంచాడు. ఆ చేతికి ఎన్నో టన్నుల బరువు ఎక్కడ దించాలో ఇంతకు ముందు తెలిసేది. పొద్దున్న వహాబ్ అన్న మాట మళ్ళీ చెవిలో తిరుగుతోంది. అందరూ ఒప్పుకున్నారు, నువ్వు అదురుష్టవంతుడివి. ఈ ఇంట్లో ఎవరినీ తాను అడగలేదు. అడిగినట్టు కూడా చెయ్యలేదు.

ఆయన చూపు కోడలి మీద ఆగింది. చాలా రోజుల తరవాత ఆ పిల్లను నిజంగా చూశాడు. బుగ్గల కింద ఎముకలు తేలాయి. పొట్ట ఒక్కటే ముందుకొచ్చి, అది వేరే ఎవరిదో అయినట్టుంది. షెడ్డులో ఎత్తి చూసిన మూట గుర్తొచ్చింది. మనుషులెప్పుడూ గుర్తు రాలేదు, మూటే గుర్తొచ్చేది. ఇప్పుడు మొదటిసారి మనిషి కనపడింది.

"ఆ శిబిరంలో కూడా కడుపుతో ఉన్న ఆడోళ్ళుంటారు కదా," అన్నాడు. ఎవరినో అడుగుతున్నట్టు లేదు. వాదన కాదు, సమర్థన కాదు. అప్పుడే తట్టిన మాట. "పక్కోళ్ళు ఆకలితో సూత్తంటే ఆల్లు ఎలా తింటారో. ఆల్లేటి సేత్తారో."

సాయిశంకర్ ఏదో అనబోయాడు. అంతలో గౌరీశ్వరి గరిటె గిన్నెలో పడేసింది. చెంగుతో చెయ్యి తుడుచుకుంది. గంట క్రితం సరి నెల అని గడపకు అడ్డం పడిన మనిషి, ఇప్పుడు గడప మీంచి పక్కకు జరిగి నిలబడింది.

"ఆల్లకి ఎల్డానికి పుట్టిల్లు లేదు," అంది. "దీనికున్నాది. బేగి ఎల్లమను."